లండన్ నుంచి ఒక్క రోజులో చూడదగ్గ యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియం ఏది, ఎలా చూడాలి?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, పొరబడితే సరిదిద్దండి. మీరు లండన్‌లో ఉంటున్నారు. భారత వాయుసేనలో హంటర్ జెట్ యుద్ధ విమానాల మీద గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి రిటైరైన మీ నాన్నగారు జూన్‌లో హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎనిమిదేళ్ళ మీ అబ్బాయి కూడా వెంట ఉంటాడు. చేతిలో ఉన్నది ఒక్క శనివారం. అందరూ చెప్పే పెద్ద విమాన మ్యూజియం డక్స్‌ఫర్డ్‌కు వెళ్ళాలా, లేక రెండో ప్రపంచ యుద్ధకాలపు చిన్న ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియం దేనికైనా వెళ్ళాలా, చిన్నదైతే గంటలో అయిపోయేదాని కోసం అంత దూరం పోవడం దండగ కాదా అన్నది మీ సందేహం.

నా సమాధానం ఇది. ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గర, చిచెస్టర్ ఊరి పక్కనున్న టాంగ్‌మియర్ మ్యూజియానికి వెళ్ళండి. ఆ రోజుకు అదొక్కటే పెట్టుకోండి. చేరిన వెంటనే లోపలికి వెళ్ళకుండా ముందు ఆ ఊరినీ ఆ నేలనూ చూడండి. గంటలో అయిపోతుందనేది గదుల్లో ఉన్నవాటిని మాత్రమే లెక్కపెట్టుకునేవారి మాట. యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్‌లో అసలు చూడవలసినది ఆ ఎయిర్‌ఫీల్డే. గదుల్లో ఉన్నవి దాన్ని అర్థం చేసుకోవడానికి సాయపడే సామగ్రి.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటంటే, వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరునైన నేను తొమ్మిదేళ్ళుగా ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలోని ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియంలో శనివారాలు వాలంటీరుగా పనిచేస్తున్నాను. పేరు చెప్పను, సొంత దుకాణానికి ప్రచారం చేసుకున్నట్టుంటుంది. తుప్పు గీకడం, టీ కప్పులు కడగడం, వచ్చినవారిని వెంటబెట్టుకుని తిప్పడం నా పనులు. ఆ మూడింటిలో ఎక్కువ నేర్పింది మూడోదే.

డక్స్‌ఫర్డ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది కూడా నిజమైన యుద్ధకాలపు స్థావరమే; 1938లో మొట్టమొదటి స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు అందుకున్న 19వ స్క్వాడ్రన్ ఉన్నది అక్కడే. కాని ఒక హ్యాంగర్ నుంచి మరొక హ్యాంగర్‌కు నడవడానికే మీ నాన్నగారి ఓపిక సగం అయిపోతుంది. పైగా అంత పెద్దచోట ఒక మనిషి మీ పక్కన కూర్చుని అరగంట మాట్లాడే అవకాశం తక్కువ. చిన్న మ్యూజియంలో దొరికేది ఆ అరగంటే. విమానాల సంఖ్యే ముఖ్యమనుకుంటే డక్స్‌ఫర్డ్‌కు వెళ్ళండి, నేను కాదనను.

ఇక టాంగ్‌మియరే ఎందుకంటే, మీ నాన్నగారు హంటర్ మనిషి కాబట్టి. హంటర్ రకంలో మొట్టమొదట ఎగిరిన నమూనా విమానం, డబ్ల్యూబీ 188, నేను వెళ్ళినప్పుడల్లా అక్కడే కనిపించింది. 1951 జూలై 20న తొలిసారి ఎగిరింది అదే. తరువాత దానికి ముక్కు సన్నగా సాగదీసి, ఎవాన్ ఇంజనుకు రీహీట్, అంటే వెనక గొట్టంలో అదనంగా ఇంధనం మండించి వేగం పెంచే ఏర్పాటు, అమర్చి, ఒళ్ళంతా ఎర్రరంగు వేసి, 1953 సెప్టెంబరు 7న సస్సెక్స్ తీరం వెంట గంటకు 727 మైళ్ళ పైచిలుకు, అంటే దాదాపు 1,171 కిలోమీటర్ల వేగంతో టెస్ట్ పైలట్ నెవిల్ డ్యూక్ నడిపి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. దాని పక్కనే ఉండే మీటియర్ జెట్ విమానం అంతకు సరిగ్గా ఏడేళ్ళ ముందు, 1946లో, అదే సెప్టెంబరు 7న 616 మైళ్ళతో రికార్డు సృష్టించింది. రెండు రికార్డులకూ విమానాలు లేచింది టాంగ్‌మియర్ నుంచే.

మీ నాన్నగారు ఆ ఎర్ర హంటర్ దగ్గర ఏం చేస్తారో నేను ఇప్పుడే చెప్పగలను. ముక్కు కిందకు వంగి చూస్తారు. మన వాయుసేన 1957 నుంచి వాడిన హంటర్లలో అక్కడ నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు, వాటి తూటాల పెట్టెలతో సహా ఒకే అరలా బిగించి ఉంటాయి. విమానం దిగగానే ఖాళీ అయిన అరను మొత్తంగా కిందకు దించి, నింపిన మరో అరను పైకి ఎక్కించి, కొద్ది నిమిషాల్లో మళ్ళీ పంపించడం గ్రౌండ్ సిబ్బంది గర్వంగా చెప్పుకునే పని. తుపాకీ బెల్టు లింకులు పడేందుకు ముక్కుకు అటూ ఇటూ రెండు ఉబ్బెత్తు తొట్లు కూడా ఉంటాయి. ఈ తొలి నమూనాకు తుపాకులూ లేవు, ఆ తొట్లూ లేవు. కడుపు నున్నగా ఉంటుంది. తాను పనిచేసిన విమానం అసలు పుట్టినప్పుడు ఎలా ఉండేదో చూసిన మనిషి ముఖంలో మార్పును గమనించడానికి మీరు కాస్త పక్కగా నిలబడండి.

కాని ఇది ఉదయం పదకొండు తరువాతి మాట. అంతకుముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

వెళ్ళే ముందురోజు రాత్రి ఉపగ్రహ చిత్రంలో టాంగ్‌మియర్‌ను తెరిచి చూడండి. పొలాల మధ్య ఎక్కడా ఒక రైతు గీయని వంపు ఒకటి కనిపిస్తుంది. అది పెరిమీటర్ ట్రాక్, విమానాలు రన్‌వే చివరకు చేరుకోవడానికి వేసిన దారి. ఆ వంపును మీ అబ్బాయి చేత వేలితో గీయించండి. మరునాడు నేల మీద నిలబడినప్పుడు ఆ గీత వాడికి గుర్తుంటుంది, "ఇక్కడేముంది, గడ్డే కదా" అనడు. పిల్లలతో నాకున్న అనుభవంలో ఇంతకు మించిన ఉపాయం లేదు.

టాంగ్‌మియర్ కథ కూడా గడ్డితోనే మొదలైంది. 1916 నవంబరులో ఒక పైలట్ విధిలేక ఒక రైతు పొలంలో విమానం దించి, ఈ నేల విమానాలకు బాగుంటుందని పైవారికి చెప్పాడు. 1917లో అక్కడ ఎయిర్‌ఫీల్డ్ కట్టడం మొదలైంది. 1970లో వాయుసేన దాన్ని మూసివేసింది. మ్యూజియం 1982లో వాలంటీర్ల చేతుల మీదుగా తెరుచుకుంది. ఈ మధ్యలో ఉన్న ఒక్క రోజును మాత్రం మీరు మనసులో పెట్టుకుని వెళ్ళాలి. 1940 ఆగస్టు 16, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతం. జర్మన్ స్టూకా విమానాలు నిట్టనిలువుగా దూకి బాంబులు వేయడంతో హ్యాంగర్లు కూలిపోయాయి. బిల్లీ ఫిస్క్ అనే అమెరికన్ యువకుడు, శీతాకాల ఒలింపిక్స్‌లో 1928లోనూ 1932లోనూ బాబ్‌స్లెడ్ పోటీల్లో బంగారు పతకాలు గెలిచినవాడు, 601వ స్క్వాడ్రన్‌లో చేరి హరికేన్ యుద్ధ విమానం నడుపుతున్నాడు. ఆ రోజు తగలబడుతున్న విమానాన్ని వదిలి దూకకుండా ఆ దాడి మధ్యలోనే టాంగ్‌మియర్‌లో దించాడు. మరునాడు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన సమాధి దగ్గర్లోని బాక్స్‌గ్రోవ్ చర్చి ఆవరణలో ఉంది.

కాబట్టి చిచెస్టర్ స్టేషన్ నుంచి వచ్చాక మొదట టాంగ్‌మియర్ ఊళ్ళోని సెయింట్ ఆండ్రూస్ చర్చి దగ్గర దిగండి. పన్నెండో శతాబ్దపు చిన్న గుడి అది. దాని ఆవరణలో బ్రిటిష్ వాయుసేన సిబ్బంది సమాధులూ, వారితో పోరాడి అక్కడే కూలిన జర్మన్ వైమానికుల సమాధులూ ఒకే గడ్డి మీద ఉన్నాయి. రాళ్ళ మీద వయసులు చదవండి. నేను సందర్శకులను వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు ఏమీ చెప్పను, పది నిమిషాలు వదిలేస్తాను. ఆ వయసులు చదివాక మ్యూజియంలో ఏ కోటును చూసినా ఏ చేతి తొడుగును చూసినా కొలత వేరుగా ఉంటుంది.

ఆ తరువాత ఎయిర్‌ఫీల్డ్ అంచు నుంచి లోపలికి చూస్తే మీకు కనిపించేది రన్‌వే కాదు, ఎకరాల కొద్దీ గాజు ఇళ్ళు. యుద్ధ విమానాలు లేచిన ఆ నేల మీద ఇప్పుడు క్యాప్సికం పండిస్తున్నారు. పాడుబడిన కంట్రోల్ టవర్ ఒకటి దూరంగా కనిపిస్తుంది. అటు వెళ్ళే ప్రయత్నం చేయకండి, అది ఇతరుల భూమి. మొదటిసారి ఆ గాజు ఇళ్ళను చూసినప్పుడు నాకు దొనకొండ గుర్తొచ్చింది. ప్రకాశం జిల్లాలో మా మేనమామ వాళ్ళ ఊరికి పోతూ చిన్నప్పుడు మేము చూసిన ఆ పాత రన్‌వే కూడా రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వారు వేసినదే. దాని మీద గేదెలు అడ్డంగా నడిచేవి, మేము సైకిళ్ళు తొక్కేవాళ్ళం. ఇది ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడిగితే మామయ్య "తెల్లోళ్ళ కాలంలోది రా" అని ఊరుకునేవాడు. అక్కడ ఒక గది, ఒక కుర్చీ, చెప్పడానికి ఒక మనిషి ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక లోపల ఏం చూడాలి, ఎలా చూడాలి అన్నది.

ప్రతి బోర్డూ చదవకండి. ఎవరూ చదవలేరు, చదివినవారికి సాయంత్రానికి ఏదీ గుర్తుండదు. ఒక మనిషిని, ఒక వస్తువును, ఒక రోజును ఎంచుకోండి. రోజు గురించి పైన చెప్పాను. వస్తువు మీ నాన్నగారి హంటర్. మనిషి విషయంలో నా సూచన నూర్ ఇనాయత్ ఖాన్.

ఆమె టిప్పు సుల్తాన్ వంశానికి చెందినది. తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. ఆయనకు తన గురువు సయ్యద్ అబూ హాషిం మదానీ దొరికింది మన హైదరాబాద్‌లోనే. ఆక్రమిత ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ రహస్యంగా పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు నూర్. 1943 జూన్ 16 రాత్రి ఆమెను తీసుకెళ్ళిన లైసాండర్ అనే చిన్న విమానం లేచింది టాంగ్‌మియర్ నుంచే. అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు. కొద్ది నెలల్లో పట్టుబడి, 1944 సెప్టెంబరు 13న డాఖౌ నిర్బంధ శిబిరంలో హత్యకు గురైంది. 1949లో ఆమెకు మరణానంతరం జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. ఆ రాత్రి ఆమెతో పాటు వెళ్ళిన మరో ఇద్దరు మహిళలు, డయానా రౌడెన్, సెసిలీ లెఫోర్ కూడా ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఈ కథ మీ అబ్బాయికి చెప్పేటప్పుడు శిబిరం సంగతి తరువాతకు వదిలిపెట్టి విమానం సంగతితో మొదలుపెట్టండి. పున్నమికి అటూ ఇటూ ఉన్న కొద్ది రాత్రుల్లోనే ఆ ప్రయాణాలు జరిగేవి, ఎందుకంటే నదులూ రైలు పట్టాలూ వెన్నెల్లో మెరిస్తేనే పైలట్‌కు దారి. లోపల తుపాకులు లేవు, నావిగేటర్ లేడు, ఒక్క పైలట్. మోకాలి మీద మడిచిన మ్యాపు. వెనక ఇద్దరో ముగ్గురో ప్రయాణికులు. కడుపు కింద అదనపు పెట్రోలు ట్యాంకు, ఎడమ పక్కన శాశ్వతంగా బిగించిన నిచ్చెన. దిగవలసిన పొలంలో మూడు టార్చిలైట్లు తలకిందులైన ఎల్ ఆకారంలో వెలుగుతాయి. చక్రాలు నేలను తాకిన తరువాత కొద్ది నిమిషాల్లో వచ్చినవారు దిగాలి, పోవలసినవారు ఎక్కాలి, విమానం లేవాలి. మా అమ్మాయికి ఇది చెప్పినప్పుడు ఇంటి వెనక పచ్చికలో మూడు టార్చీలు పెట్టి రాత్రంతా లైసాండర్‌ను దించింది. పక్కింటివారికి సంజాయిషీ చెప్పుకోవలసింది నేను.

ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. మీ ప్రశ్న చివర "హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో మనవాళ్ళు స్పిట్‌ఫైర్లు నడిపారట కదా, ఆ వివరాలు అక్కడ ఉంటాయా" అని అడిగారు. వాట్సాప్‌లో తిరిగే ఆ మాట సగమే నిజం. హైదరాబాద్ పేరుతో బ్రిటిష్ వాయుసేనలో స్క్వాడ్రన్లు ఉన్నమాట వాస్తవం. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918లో, 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డీహెచ్ 9ఏ విమానాలు కొనిచ్చారు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో, 253వ స్క్వాడ్రన్ హరికేన్లతో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడాయి. రెండింటి పేర్లలోనూ హైదరాబాద్ ఉంది. 152 చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది, దాని నినాదానికి అర్థం నమ్మకమైన మిత్రుడు అని. కాని నడిపినవారు మాత్రం బ్రిటన్‌వారూ, కామన్వెల్త్ దేశాలవారూ, ఇతర యూరప్ దేశాలవారూను. పేరు మన ఊరిది, డబ్బు నిజాం ఖజానాది, అంటే మన తాతల శిస్తు అందులో ఉందన్నమాట. గర్వపడాలో లెక్క అడగాలో మీ ఇష్టం.

పైగా ఆ రెండూ టాంగ్‌మియర్‌కు చెందినవి కావు. 1940 వేసవిలో 152 డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరింది. 253 ఆగస్టు చివర కెన్లీకి వచ్చింది. కెన్లీ మాత్రం మీకు దగ్గరే, లండన్ దక్షిణ అంచున ఉంది. అక్కడ మ్యూజియం లేదు, టికెట్టూ లేదు. కాని శత్రువు బాంబుల నుంచి విమానాలను కాపాడేందుకు మట్టితోనూ ఇటుకతోనూ కట్టిన రక్షణ గోడలు, బ్లాస్ట్ పెన్‌లు, ఇప్పటికీ వరుసగా నిలిచి ఉన్నాయి. ఒక సాయంత్రం టీ ఫ్లాస్కుతో వెళ్ళి రావచ్చు. నిజంగా మన దేశంవారి పేరు కావాలంటే అదీ అక్కడే దొరుకుతుంది. 1940లో భారతదేశం నుంచి శిక్షణ కోసం వచ్చిన 24 మంది పైలట్లలో ఒకరైన మహిందర్ సింగ్ పుజ్జీ 1941లో 258వ స్క్వాడ్రన్‌లో హరికేన్లు నడిపింది కెన్లీ నుంచే. తలపాగాతోనే ఎగిరిన ఆ మనిషి విగ్రహం గ్రేవ్‌సెండ్‌లో ఉంది.

వస్తువులను చూడటం గురించి ఒకటి రెండు మెళకువలు చెబుతాను, మీ నాన్నగారికి వీటి అవసరం ఉండదు, మీకు ఉపయోగపడతాయి. చిన్న మ్యూజియాలన్నింటిలోనూ నేల తవ్వి తీసిన ప్రొపెల్లర్ ఒకటి ఉంటుంది. దాన్ని తుక్కులా చూసి దాటిపోకండి. లోహపు రెక్కల కొనలు ముందుకు వంగి ఉంటే విమానం నేలను తాకేటప్పటికి ఇంజను జోరుగా తిరుగుతోందని సాధారణంగా అర్థం; వెనక్కు వాలి ఉంటే ఇంజను అప్పటికే ఆగిపోయిందో, బలం లేకుండా తిరుగుతోందో అనుకోవచ్చు. ఒక రెక్క వంగి మిగిలినవి నిటారుగా ఉంటే అది తిరగనేలేదు. కొన్ని హరికేన్లకూ స్పిట్‌ఫైర్లకూ ప్రొపెల్లర్ రెక్కలు చెక్కవి ఉండేవి, అవి వంగవు, మొదలుకంటా విరిగిపోతాయి. ఒక మనిషి ఆఖరి నిమిషం గురించి ఆ వంపులు చెప్పినంత ఏ బోర్డూ చెప్పదు.

రెండోది జాగ్రత్తకు సంబంధించినది. యుద్ధకాలపు విమానాల గడియారాల్లాంటి మీటర్లు చీకట్లో కనపడటానికి వాటి అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు అవి వెలగవు, కాని వెలుగు చచ్చింది రంగులోని మరో పదార్థం అరిగిపోవడం వల్ల. రేడియం సగానికి తగ్గడానికే 1,600 సంవత్సరాలు పడుతుంది. అద్దం వెనక ఉన్నంతవరకు భయం లేదు. సంతల్లో పాత విమానాల మీటర్లు అమ్ముతుంటారు, నాన్నగారికి కానుకగా బాగుంటుందని కొనకండి. అద్దం పగిలితే ఆ పొడి ఇంట్లో ఉండవలసిన వస్తువు కాదు, విమానాశ్రయంలో సూట్‌కేసులోనూ ఉండకూడదు.

అలాగే పొలం గట్టు మీద లోహపు ముక్క కనిపిస్తే మీ అబ్బాయి జేబులో వేసుకోకుండా చూడండి. ఈ దేశంలో సైనిక విమానాలు కూలిన చోట్లన్నింటికీ 1986 నాటి చట్టం కింద రక్షణ ఉంది. అనుమతి లేకుండా అక్కడ తవ్వడం, ముక్కలు తీసుకోవడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఎనభై ఏళ్ళుగా మట్టిలో ఉన్న తూటా ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు.

వాలంటీర్లతో ఎలా మాట్లాడాలి అన్నది అన్నింటికంటే ముఖ్యం, దీన్నే అందరూ వదిలేస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషిని "ఇది ఎంత వేగంతో పోతుంది" అని అడిగితే అంకె చెబుతాడు, అక్కడితో అయిపోతుంది. "మీరు ఇక్కడికి ఎలా వచ్చారు" అని అడగండి. ఒకాయన వాయుసేనలో పనిచేసి ఉంటాడు, ఒకామె తండ్రి ఇదే స్థావరంలో వంటవాడై ఉంటాడు, ఒకాయన చిన్నప్పుడు కంచె బయట నిలబడి చూసినవాడై ఉంటాడు. ఆ తరువాత మీరు ఆపమన్నా ఆపరు. నాన్నగారి ఇంగ్లీషు గురించి మొహమాటపడకండి, ఇంజను ముందు నిలబడ్డ ఇద్దరు ఫిట్టర్లకు భాష పెద్ద అడ్డంకి కాదు.

మా మ్యూజియంలో జరిగినది ఒకటి చెబుతాను. మా దగ్గర ఒక పాత ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ను విమానం బయటకు ఎగరగొట్టే కుర్చీ, ఉంది, యుద్ధం తరువాతి కాలానిది. నాలుగేళ్ళుగా దాన్ని వందలాది మందికి చూపించాను. ఒకసారి గుజరాత్ నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన, మన వాయుసేనలో సార్జెంటుగా చేసినవారు, దాని ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని రెండు నిమిషాలు చూశారు. తరువాత నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా, "ఈ సేఫ్టీ పిన్ను ఇక్కడ కాదండీ ఉండవలసింది" అన్నారు. ఎర్ర రిబ్బను కట్టిన ఆ పిన్నును మేము ఏ రంధ్రంలో పడితే ఆ రంధ్రంలో దూర్చి ప్రదర్శించాం. సీటులో పేలుడు పదార్థం ఎప్పుడో తీసేశారు కాబట్టి ప్రమాదం లేదు, పరువు మాత్రం పోయింది. ఆయన చేతనే సరైనచోట పెట్టించాం. పెట్టాక ఆ రిబ్బనును ఒకసారి లాగి చూసి, పక్కనెవరో ఉన్నట్టు "పిన్ ఇన్" అని పైకే అన్నారు. ఉద్యోగం మానేసిన ముప్పై ఏళ్ళకు. ఆయన కూతురు అప్పటిదాకా ఫోనులో ఉన్నది, తలెత్తి చూసింది.

ప్రయాణం, సదుపాయాల విషయాలు త్వరగా చెప్పేస్తాను. లండన్ విక్టోరియా నుంచి చిచెస్టర్‌కు రైల్లో సుమారు గంటా నలభై నిమిషాలు, అక్కడి నుంచి టాంగ్‌మియర్ మూడు మైళ్ళు. టాంగ్‌మియర్‌లో హాళ్ళు నేల మట్టానికే ఉంటాయి, మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. మధ్యమధ్య కూర్చోవడానికి నాన్నగారికి చోటు చూసిపెట్టుకోండి, చిన్న మ్యూజియంలో అడిగితే ఆఫీసు కుర్చీ అయినా తెచ్చివేస్తారు. జూన్ అయినా స్వెట్టరు తీసుకెళ్ళండి. కెఫేలో టీ, కేకు, సాండ్‌విచ్ దొరుకుతాయి. శాకాహారులైతే పులిహోర కట్టుకుని వెళ్ళడం ఉత్తమం, బయట బల్లల మీద కూర్చుని తినవచ్చు. చిన్న మ్యూజియాలు చాలావరకు చలికాలంలో మూసి ఉంటాయి, వేసవిలోనూ అన్ని రోజులూ తెరవరు. ఈ ఊళ్ళకు కొత్తగా వచ్చినప్పుడు నేను నవంబరులో, ఆదివారం, వానలో, ఏమీ విచారించకుండా ఒకచోటికి వెళ్ళి తాళం చూసి తిరిగొచ్చాను. తిరిగొచ్చాను అనడం కూడా సరికాదు. టాక్సీని పంపేసినందువల్ల స్టేషన్ దాకా నాలుగు మైళ్ళు నడిచాను. మీరు మాత్రం దింపిన టాక్సీతోనే తిరుగు సమయం మాట్లాడుకోండి.

ఈసారి కాకపోయినా మరోసారి వీలు కుదిరితే నార్ఫోక్‌లోని థార్ప్ ఆబట్స్‌కు వెళ్ళండి. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి డిస్ దాకా గంటన్నర రైలు, ఆపైన టాక్సీ. అమెరికన్ 100వ బాంబర్ గ్రూపు 1943 జూన్ నుంచి యుద్ధం ముగిసేదాకా బీ-17 బాంబర్ విమానాలు నడిపింది అక్కడి నుంచే. కూలిపోతున్న కంట్రోల్ టవర్‌ను స్థానికులు బాగుచేసుకుని 1981లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ హంటర్లు లేవు, విమానాలే లేవని చెప్పవచ్చు. ఉన్నది టవర్, దాని బాల్కనీ. 1943 అక్టోబరు 10న జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరం మీద దాడికి లక్ష్యం దాకా వెళ్ళిన 13 విమానాల్లో తిరిగొచ్చింది ఒక్కటే. ఒక్కో విమానంలో పదిమంది. ఆ సాయంత్రం టవర్ దగ్గర నిలబడి ఆకాశంలో లెక్కపెట్టుకున్నవారు ఒకటి దగ్గరే ఆగిపోయారు. ఆ బాల్కనీ మీద మీరు ఐదు నిమిషాలు నిలబడి తూర్పుకు చూస్తే చాలు. మెట్లు ఎక్కాలి కాబట్టే దీన్ని మీ నాన్నగారికి మొదటి ఎంపికగా చెప్పలేదు.

చివరగా, బయలుదేరే ముందు వారంలో టాంగ్‌మియర్‌కు తప్పక ఫోను చేయండి. డబ్ల్యూబీ 188 అక్కడిదే అయినట్టు కనిపించినా మరో పెద్ద మ్యూజియం నుంచి అరువు మీద వచ్చినది, అరువు వస్తువులను ఒక్కోసారి మరమ్మతుకో మరో ప్రదర్శనకో తరలిస్తారు. అది ఉందో లేదో అడిగేటప్పుడే మా నాన్నగారు భారత వాయుసేనలో హంటర్ల మీద పనిచేశారు, ఫలానా శనివారం వస్తున్నారు అని ఒక్క మాట చెప్పండి. ఆ రోజు హంటర్ తెలిసిన మనిషి ఒకరు ఇంట్లో పని మానుకుని మరీ వచ్చి కూర్చుంటారు. మేమైతే అలాగే చేస్తాం.